హెన్రీ ఫ్లెమింగ్ సాకులు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం, దానితోపాటు నీ నవల మొదటి అధ్యాయాలూ అందాయి. అమెరికన్ నవలాకారుడు స్టీఫెన్ క్రేన్ రాసిన యుద్ధ నవల ‘ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్’ను ఇంత శ్రద్ధగా చదివినవాళ్లు నీ ఈడువాళ్లలో ఎక్కువమంది ఉండరు. మెచ్చుకోలు ఇక్కడితో ఆపుతాను. నువ్వు అడిగింది అది కాదు కదా. అందులోని కుర్ర సైనికుడు హెన్రీ ఫ్లెమింగ్ మనసును సరిగ్గా పట్టుకున్నానా అని అడిగావు. పట్టుకోలేదు. పట్టుకునే దారిని మొదటి పేజీలోనే నువ్వే మూసేసుకున్నావు.

ఆ పేజీలోనే అతనికి జబ్బు పేరు పెట్టేశావు. ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అన్నావు, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ పేరుకు పనికొచ్చే ముక్కలు ఏరుకుంటూ పోయావు. వణుకు ఒకచోట, శవం ముందు కాళ్లు ఆడక నిలబడిపోవడం ఒకచోట, చెవుల్లో హోరు ఇంకోచోట. పనికిరానివన్నీ పక్కన పడేశావు. ఆ పక్కన పడేసినవాటిలోనే హెన్రీ ఉన్నాడు.

ఆ పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కింది 1980లో. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల కథ దాని వెనక ఉంది. అంతకుముందు, 1915లో, చార్లెస్ మయర్స్ ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ‘షెల్ షాక్’ గురించి, అంటే యుద్ధంలో సైనికుల మనసు చెదరడం గురించి రాశాడు. హెన్రీ పోరాడిన అమెరికా అంతర్యుద్ధం రోజుల్లోనైతే, శిబిరాల్లో కుంగిపోయిన కుర్రాళ్ల పేరు ఎదురుగా సైనిక వైద్యులు ‘నోస్టాల్జియా’ అని రాసేవారు. ఇంటి మీద బెంగ అప్పట్లో రికార్డుకెక్కే రోగం. ఆ యుద్ధంలోని సైనికుల గుండెదడను పరిశీలించిన వైద్యుడు జేకబ్ డా కోస్టా తన పరిశీలనను 1871లో ప్రచురించాడు. క్రేన్ పుట్టింది కూడా ఆ ఏడాదే.

ఇవన్నీ నిజమైన బాధలకు పెట్టిన పేర్లే, వాటిని నేను తేలిక చేయడం లేదు. కానీ నువ్వు పెట్టిన పేరు చెల్లాలంటే లక్షణాలు నెలకు పైగా ఉండాలని నేటి ప్రమాణం. నవల్లో అసలు పోరు నడిచేది రెండు రోజులు. ఆ తర్వాత హెన్రీకి రాత్రిళ్లు నిద్ర పట్టిందా, ఉలిక్కిపడి లేచాడా అన్నది ఈ పుస్తకంలో లేదు. క్రేన్ పట్టుకున్నది గాయం తర్వాతి మనసును కాదు. పరిగెత్తుతూనే, ఆ పరుగుకు న్యాయం వెతుక్కునే మనసును పట్టుకున్నాడు. కాళ్లు ఒకవైపు పోతుంటే బుర్ర వెనకాలే వకీలులా వాదన తయారుచేస్తుంటుంది.

కాబట్టి నేను చెప్పదలచింది ఒక్కటే. పాత్ర మనసును అతని భయంలో వెతక్కు, అతని సాకుల్లో వెతుకు. ఫిరంగి పేలినప్పుడు ఎవరి గుండె అయినా ఒకేలా కొట్టుకుంటుంది. ఆ రాత్రి తనకు తాను ఏమని సర్దిచెప్పుకున్నాడన్నది మాత్రం ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు.

మొదటి అధ్యాయంలో తల్లి ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. మళ్లీ చదువు. సైన్యానికి బయల్దేరుతూ వీడ్కోలు చెప్పడానికి హెన్రీ మనసులో ఒక రంగస్థలం కట్టుకుని వస్తాడు. తల్లి కన్నీళ్లు, తన గంభీరమైన వీడ్కోలు, అన్నీ ముందే రాసిపెట్టుకున్నాడు. ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తూనే ఉంటుంది. మేజోళ్లు అల్లానంటుంది, చొక్కాలు పెట్టానంటుంది, జామ్ మూటలో ఉందంటుంది, చెడు సావాసాలు పట్టొద్దంటుంది. ఇతను తయారుచేసుకున్న డైలాగుకు చోటే దొరకదు. విసుగొస్తుంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే, ఆ తొక్కల మధ్య మోకాళ్ల మీద ఉండి ఏడుస్తుంటుంది. హెన్రీకి సిగ్గేస్తుంది.

యుద్ధం ఇంకా మొదలే కాలేదు. అయినా మనిషి పూర్తిగా మన ముందు ఉన్నాడు. లోకం తనను చూస్తోందనుకుంటాడు, తానాడాల్సిన పాత్రను ముందే రాసుకుంటాడు, లోకం ఆ ప్రకారం నడవకపోతే చిన్నబుచ్చుకుంటాడు. నవల అంతా ఈ ఒక్క స్వభావం పడే పాట్లే. బాంబులు వచ్చి అతన్ని మార్చాయని నువ్వు రాశావు. బాంబులు రాకముందే క్రేన్ అతన్ని తయారుచేసి పెట్టాడు.

తర్వాత శిబిరంలో ఎదురుచూపులు. ఇక్కడ నీ వ్యాసం బాగుంది. తాను పారిపోతాడా లేదా అన్న ప్రశ్నను అతను ఒక లెక్కలాగా చేసి చూసుకోవాలనుకుంటాడనీ, తెలిసిన సంఖ్య ఒక్కటీ లేక ఆగిపోతాడనీ నువ్వు రాసింది నాకు నచ్చింది. ఒకటి కలుపు. అతను ఆ ప్రశ్నను తోటి సైనికుడు జిమ్ కాంక్లిన్‌ని అడుగుతాడు, కానీ తన గురించి అడగడు. మన కుర్రాళ్లలో ఎవరైనా పారిపోతారంటావా అని అడుగుతాడు. జిమ్ తడుముకోకుండా చెప్తాడు. అందరూ పరిగెత్తితే నేనూ పరిగెత్తుతానేమో, అందరూ నిలబడితే నేనూ నిలబడతాను అంటాడు. హెన్రీకి ప్రాణం లేచొస్తుంది. జిమ్ చెప్పినదాంట్లో ధైర్యమేమీ లేదు, నిజం ఉంది. ఆ నిజం హెన్రీ నోట రాదు. వీళ్లిద్దరి మధ్య తేడా పిరికితనంలో లేదు. తన భయాన్ని మామూలు సంగతిలా చెప్పుకోగలగడంలో ఉంది. జిమ్ చనిపోయే అధ్యాయం మనల్ని అంతగా కలచివేయడానికి ఈ మాట ముందే పడి ఉండటం ఒక కారణమని నా అనుమానం.

ఇక పరుగు. మొదటి దాడిలో అతను నిలబడతాడు. గుంపులో ఒక భాగమైపోతాడు, తనంటూ ఎవరూ మిగలరు. దాడి ఆగింది, గండం గడిచింది అనుకుని ఊపిరి పీల్చుకుంటాడు. అంతలోనే శత్రువు మళ్లీ వస్తాడు. ఆ ‘మళ్లీ’ దగ్గరే అతను విరిగిపోతాడు. పక్కనున్నవాళ్లు ఒకరిద్దరు జారుకుంటారు, ఇతనూ తుపాకి పారేసి పరిగెడతాడు. వీపు తిప్పాకే భయం అంతకంతకూ పెరిగిందని క్రేన్ రాస్తాడు. 1884లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ఒక వ్యాసంలో, భయపడి పరిగెత్తుతాం అనుకుంటాం గానీ పరిగెత్తుతాం కాబట్టి భయం అనుభవిస్తాం అనే వాదన తెచ్చాడు. క్రేన్ దాన్ని చదివాడని నేననను. నవలాకారుడికి అది చదవనక్కర్లేదు, ఒక శరీరాన్ని జాగ్రత్తగా పరిగెత్తిస్తే చాలు. నీ వ్యాసంలో జేమ్స్ ఉండొచ్చు, నీ నవల్లో మాత్రం ఉండకూడదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. గుర్రం మీదున్న ఒక జనరల్ సంబరంగా అరవడం హెన్రీ చెవిన పడుతుంది. మన వరుస నిలబడిందట, శత్రువు వెనక్కి పోయాడట. చచ్చిపోతామని పారిపోయాడు, పారిపోనివాళ్లు గెలిచారు. నేరం చేస్తూ పట్టుబడినవాడిలా కుంచించుకుపోతాడు. మరుక్షణం ఆ కుంచించుకుపోవడం కోపంగా మారుతుంది, ఎవరి మీదనుకున్నావు? నిలబడ్డ మిత్రుల మీద! వాళ్లు మూర్ఖులు. తాను సైన్యంలో ఒక చిన్న ముక్క, ఆ ముక్కను తాను కాపాడాడు. తెలివిగలవాడు చేసే పని చేశాడు. వాళ్లు నిలబడి తనకు ద్రోహం చేశారు.

అడవిలోకి పోతాడు. ఒక ఉడుత మీదికి దేవదారు కాయ విసురుతాడు. ఉడుత చెట్టెక్కి పారిపోతుంది. చూశావా, ప్రకృతి ధర్మం ఇదే, ప్రమాదం వస్తే పారిపోవాలి అని పొంగిపోతాడు. గెలిచిన వకీలు మొహం. ఇంకొంచెం లోపలికి పోతే కొమ్మలు గుడిలా కమ్ముకున్న చోటు వస్తుంది. అక్కడ చెట్టుకానుకుని ఒక శవం కూర్చుని ఉంటుంది. యూనిఫాం నీలం వెలిసి ఆకుపచ్చకు తిరిగింది, మొహం మీద చీమలు పాకుతున్నాయి. ఉడుత చెప్పిన పాఠానికి ఆ శవం చెప్పిన జవాబు ఏమిటో క్రేన్ ఒక్క ముక్క రాయడు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. నువ్వు ఆ శవాన్ని ‘మానసిక ఆఘాత బిందువు’ అన్నావు. శవం కంటే ముందు ఉడుత ఉందని మర్చిపోయావు. ఉడుత లేకపోతే ఆ శవానికి అంత బలం లేదు.

ఇక్కడ మన ఉత్తరకుమారుణ్ణి ఒకసారి తలుచుకో. తిక్కనగారి విరాటపర్వంలో అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేనను కళ్లారా చూడగానే రథం మీంచి దూకి పరుగందుకుంటాడు. మనం అతన్ని నవ్వుకోవడానికి వాడుకున్నాం, ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అని సామెత చేసుకున్నాం. కానీ మనస్తత్వం వైపు నుంచి చూస్తే హెన్రీ కంటే ఉత్తరుడు ఎంతో ఆరోగ్యవంతుడు. అతను పరిగెత్తింది ఒక సాక్షి ముందు. భయమేస్తోంది, వెళ్లిపోదాం అని నోరు తెరిచి బతిమాలాడు. వెంటబడి పట్టుకుని రథమెక్కించడానికి బృహన్నల ఉంది. తీరా గెలిచొచ్చాక, ఈ గెలుపు నువ్వే గెలిచినట్టు చెప్పుకో అని అర్జునుడే అంటే కూడా, తండ్రి ఎదుట అది తన గెలుపు కాదు, ఒక దేవకుమారుడిదన్నాడు. యుద్ధానికి ముందు అన్నీ అబద్ధాలు చెప్పినవాడు యుద్ధం తర్వాత తనకు రాని కీర్తిని ఒప్పుకోలేదు.

హెన్రీది సరిగ్గా తలకిందులు. ముందు కోతలేమీ కోయలేదు, లోలోపల మథనపడ్డాడు. పరిగెత్తాక ఆ పరుగు గురించి నిలదీసినవాడు లేడు. నిలదీసే సాక్షి లేని పరుగు కాబట్టే దానికి తీర్పు చెప్పాల్సిన భారం అంతా అతని మీదే పడింది. నిందితుడూ వకీలూ న్యాయమూర్తీ తనే అయితే ఏం జరుగుతుందో మిగతా నవల. ఈ పోలికను నీ వ్యాసంలో వాడుకో, నా పేరు అక్కర్లేదు.

క్షతగాత్రుల ఊరేగింపులో కలిసినప్పుడు చిరిగిన బట్టల సైనికుడొకడు స్నేహంగా అడుగుతాడు, ‘నీకెక్కడ తగిలింది?’ అని. అమాయకమైన ప్రశ్న. గుమ్మడికాయల దొంగలా హెన్రీ భుజాలు తడుముకుని గుంపులోకి జారుకుంటాడు. గాయపడ్డవాళ్లను చూసి అసూయపడతాడు, తనకూ ఒక గాయం ఉంటే బాగుండుననుకుంటాడు. అంతవరకు చాలామంది విమర్శకులు రాశారు, నవల పేరులోని ‘రెడ్ బ్యాడ్జ్’, అంటే ఎర్రటి గుర్తు, ఆ గాయమే కాబట్టి. ఎక్కువమంది ఆగకుండా పోయేది తర్వాతి మెట్టు దగ్గర. తన సైన్యం ఓడిపోతే బాగుండునని హెన్రీ అనుకుంటాడు. ఓడితే అందరూ పారిపోతారు, అప్పుడు తాను ముందుచూపు ఉన్నవాడవుతాడు. ఆ ఆలోచనకు అతనికే దడ పుట్టి, తనంత నీచుడు లేడని తిట్టుకుంటాడు. కానీ ఆలోచన వచ్చింది. వేలమంది చావును తన పరువు కోసం కోరుకుంది ఒక మామూలు కుర్రాడి మనసు. అందులో రోగమేమీ లేదు. ఆరోగ్యంగా, లెక్క తప్పకుండా పనిచేస్తున్న మనసు అది. అందుకే అంత భయంగా ఉంటుంది. 1957లో మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ చెప్పిన ‘కాగ్నిటివ్ డిసొనెన్స్’ నీ జబ్బు పేరు కంటే దీనికి చాలా దగ్గర. చేసిన పనికీ తనమీద తనకున్న అభిప్రాయానికీ పొత్తు కుదరకపోతే, మనిషి పనిని మార్చలేడు కాబట్టి అభిప్రాయాలన్నిటినీ చుట్టూ మార్చుకుంటూ పోతాడు. ఏదో ఒక సిద్ధాంతం తప్పదంటే అది వాడు, ఒక్క పేరాకు మించొద్దు.

అతనికి చివరికి గాయం దొరుకుతుంది. పారిపోతున్న తమ సైనికుడే ఒకడు తుపాకి మడమతో తలమీద కొడతాడు. ఆపి ఏమైందని అడగబోయినందుకు! హెన్రీ తన రెజిమెంటుకు చేరి, దారి తప్పానని, తలకు గుండు తగిలిందని అంటాడు. కార్పొరల్ చూసి గుండు రాసుకుపోయిందంటాడు, కానీ ఎవడో దుడ్డుకర్రతో మోదినట్టు బొప్పి కట్టిందని కూడా అంటాడు. నిజం అక్కడే, అందరి ముందూ, పైకి చెప్పేశారు. ఎవరూ పట్టించుకోలేదు. తోటి సైనికుడు విల్సన్ తన దుప్పటి తెచ్చి కప్పుతాడు. అబద్ధంలో సగమే హెన్రీది, మిగతా సగాన్ని ఎదుటివాళ్ల దయ పూర్తిచేసింది. అబద్ధం చెప్పే పాత్రను రాసేటప్పుడు ఈ కిటుకు గుర్తుంచుకో.

ఇప్పుడు నవల మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే చోటుకు వస్తున్నాను. నీ వ్యాసంలో ఇది అసలు లేదు. మొదటి పోరుకు ముందు విల్సన్, తాను చచ్చిపోతానన్న భయంతో, ఏడుపు ఆపుకుంటూ హెన్రీకి ఒక ఉత్తరాల కట్ట ఇస్తాడు, ఇంటికి చేర్చమని. ఆ కట్ట హెన్రీ జేబులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున అది గుర్తొచ్చి హెన్రీకి కొండంత ధైర్యం వస్తుంది. నిన్న ఎక్కడికి పోయావని విల్సన్ ఆరా తీస్తే, ఈ కట్ట చూపించి వాడి నోరు మూయించొచ్చు! తనకు దుప్పటి కప్పినవాడి బలహీనతను ఆయుధంగా దాచుకుంటాడు. అంతలో విల్సన్ సిగ్గుపడుతూ వచ్చి కట్ట తిరిగి ఇచ్చెయ్యమంటాడు. హెన్రీ ఇచ్చేస్తాడు. ఏదో ఎత్తిపొడుపు మాట అందామని చూస్తాడు, సమయానికి ఒక్కటీ తట్టదు. మాట తట్టనందుకు తనను తాను మెచ్చుకుంటాడు, తనది ఎంత ఉదారమైన మనసు అని!

ఈ చిన్న లావాదేవీలో తుపాకి పేలదు, రక్తం లేదు, శవం లేదు. కానీ హెన్రీని ఇంతకంటే నగ్నంగా చూపించే చోటు పుస్తకంలో ఇంకోటి లేదు. యుద్ధ నవల్లో మనస్తత్వం అంటే ఫిరంగుల మధ్యే ఉంటుందనుకుంటారు కొత్తగా రాసేవాళ్లు. ఉత్తరాల కట్ట దగ్గర ఉంటుంది.

రెండో రోజు హెన్రీ వీరుడవుతాడు. శత్రువు వెళ్లిపోయాక కూడా కాలుస్తూనే ఉంటాడు, ఎదురుగా ఎవరూ లేరురా అని పక్కవాళ్లు చెప్పేదాకా. లెఫ్టినెంట్ పొగుడుతాడు. అందరూ తనను విడ్డూరంగా చూస్తుంటే, తాను ఏదో ఘనకార్యం చేశాడని అతనికి అప్పుడు తెలుస్తుంది. గమనించావా, మొదటి రోజు పరుగులోనూ అతను లేడు, రెండో రోజు పోరులోనూ అతను లేడు. ఒకటి పిరికితనం, రెండోది ధైర్యం అని మనం పేర్లు పెట్టుకున్నాం గానీ, క్రేన్ దృష్టిలో రెండూ ఒకే జంతువు చేసిన పనులు. ఆ జంతువును రెచ్చగొట్టింది కూడా దేశభక్తి కాదు. ‘నిన్నటి యుద్ధమంతా నువ్వొక్కడివే చేశావనుకుంటున్నావా’ అని ఎవడో వెటకారం చేశాడు, ఆ మాట గుండెలో దిగింది. తర్వాత ఒక అధికారి తమ రెజిమెంటును కంచరగాడిదలు తోలేవాళ్లతో పోల్చడం విన్నాడు, అది ఇంకా లోతుగా దిగింది. అవమానం అతన్ని పరిగెత్తనివ్వలేదు. జెండా పట్టుకుని ముందుకురికాడు. ధైర్యం అబద్ధమని క్రేన్ అనడం లేదు, ఆ జెండా నిజమైనదే, చుట్టూ రాలుతున్నవాళ్లూ నిజమే. ధైర్యానికి మూలం గొప్పది కానక్కర్లేదంటున్నాడు, అంతే.

చివరి అధ్యాయం గురించి నువ్వు ‘హెన్రీ పరిణతి చెందాడు’ అని తీర్మానించావు. అంత తొందరెందుకు? అతను తన వీరకృత్యాలన్నీ మనసులో ఊరేగించుకుంటూ నడుస్తుంటాడు. అందులోకి పిలవకుండా ఆ చిరిగిన బట్టల సైనికుడు వస్తాడు. చావుకు దగ్గరపడి, మాట తడబడుతూ కూడా హెన్రీ గాయం గురించే కంగారుపడ్డ మనిషి. హెన్రీ అతన్ని పొలంలో దిక్కులేకుండా వదిలేసి పోయాడు. పారిపోవడానికి ఉడుత సాక్ష్యం చెప్పింది, దీనికి సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ లేరు. కాసేపు నలిగి, దాన్ని దూరంగా నెట్టగలుగుతాడు. తాను మగవాడినయ్యానని అనుకుంటాడు. ఆ మాట క్రేన్ అన్నాడా, హెన్రీ అనుకున్నాడా అని విమర్శకులు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. 1982లో చేతిరాత ప్రతి ఆధారంగా ఒక కూర్పు వచ్చింది. 1895 నాటి ప్రచురణలో కోసేసిన భాగాలు, హెన్రీ తనను తాను సమర్థించుకునే సుదీర్ఘమైన ఆలోచనలు, అందులో ఉన్నాయి. అది చదివితే అతని పరిణతి మీద అనుమానం ఇంకా పెరుగుతుంది. కోత క్రేన్ ఇష్టపడి పెట్టాడా, ప్రచురణకర్త కోసం పెట్టాడా అన్నది ఇంకో తగువు. నా మటుకు నాకు 1895 పాఠమే ఇష్టం, సాకులు పొడుగైతే పాఠకుడు వాటిని నవ్వుతూ చదువుతాడు, కురచగా ఉంటే తనవేమోనని ఉలిక్కిపడతాడు.

క్రేన్ 1896లో ‘ది వెటరన్’ అని ఒక కథ రాశాడు. హెన్రీ అందులో ముసలివాడు. ఊళ్లో నలుగురి మధ్య కూర్చుని, మొదటి యుద్ధంలో భయపడి పారిపోయానని నవ్వుతూ చెప్పేస్తాడు. వింటున్న మనవడు తలెత్తలేకపోతాడు. ఆ మనవడి పేరు జిమ్. ఆ పేరు ఎందుకు పెట్టారో కథలో ఎవరూ చెప్పరు. సాకులు లేకుండా ఆ ఒక్క వాక్యం నోట రావడానికి హెన్రీకి ముసలితనం దాకా పట్టిందన్నమాట. నీ పరిణతి చర్చకు ఆధారం అక్కడ దొరుకుతుంది.

రెండో ప్రశ్న అడిగావు. యుద్ధం చూడనిదాన్ని, యుద్ధ నవల ఎలా రాయగలను అని. క్రేన్ పుట్టేనాటికి ఆ యుద్ధం ముగిసి ఆరేళ్లయింది. నవల అచ్చయినప్పుడు అతనికి ఇంకా ఇరవై నాలుగు నిండలేదు. యాంటీటమ్ యుద్ధంలో తాను క్రేన్‌తో కలిసి ఉన్నానని ఒక మాజీ కర్నల్ చెప్పుకున్నాడు. యాంటీటమ్ 1862లో! అంత నమ్మించిన పుస్తకం అది. ‘సెంచరీ’ పత్రికలో సేనానులు రాసిన యుద్ధ స్మృతులు క్రేన్ చదివాడు. వీళ్లు ఏం చేశారో చెప్తారు గానీ ఎలా అనిపించిందో ఒక్కడూ చెప్పడేం అని విసుక్కున్నాడట. ఆ విసుగులోంచి నవల పుట్టింది. పోట్లాటలోని ఆవేశం తనకు ఫుట్‌బాల్ మైదానంలో తెలిసిందనీ అన్నాడు. తర్వాత 1897లో గ్రీసు–టర్కీ యుద్ధానికీ, మరుసటి ఏడు క్యూబాకీ విలేకరిగా వెళ్లి నిజం యుద్ధాలు చూశాడు. చూసి, పుస్తకం సరిగ్గానే ఉందన్నాడట. 1900లో, ఇరవై ఎనిమిదేళ్లకే క్షయతో పోయాడు.

అయితే దీన్నిబట్టి ఏమీ తెలుసుకోకుండా రాసెయ్యొచ్చని అనుకోకు. నవల్లోని పోరుకు మూలం 1863 మే నెలలో వర్జీనియాలో జరిగిన ఛాన్సలర్స్‌విల్ యుద్ధమని పండితులు తేల్చారు. ఉత్తరాది సేనాని హుకర్ దగ్గర సుమారు 1,30,000 మంది, ఎదుట దక్షిణాది సేనాని లీ దగ్గర దాదాపు 60,000 మంది. మే 2 సాయంత్రం లీ కింది సేనాని జాక్సన్ చుట్టు తిరిగి వచ్చి పక్కనుంచి విరుచుకుపడితే, ఉత్తరాది సైన్యంలో ఒక కోర్, అంటే వేలమంది ఉన్న పెద్ద దళం, కకావికలైంది. రెట్టింపు బలం ఉన్నవాళ్లే నది దాటి వెనక్కి పోయారు. ఇదంతా నవల్లో ఎక్కడుంది? లేదు. యుద్ధం పేరు కూడా లేదు. పొగ, అరుపులు, ఎక్కణ్ణుంచో పుకారు, ఎటు పోతున్నామో తెలియని నడక, అంతే. సిపాయికి ఎంత తెలుస్తుందో మనకూ అంతే తెలుస్తుంది. హెన్రీ పేరైనా తల్లి, తోటివాళ్లు పిలిస్తేనే మన చెవిన పడుతుంది, కథకుడికి అతను ఉట్టి ‘యువకుడు’. మనవాళ్లు చారిత్రక నవల అనగానే చదివిన పుస్తకాలన్నీ పాత్రల నోట వల్లె వేయిస్తారు. నువ్వు మ్యాపు గోడకు తగిలించుకో, కాగితం మీదికి రానివ్వకు.

ఇక నీ నవల మూడో అధ్యాయం. నీ సిపాయి వంతెన దగ్గర స్నేహితుణ్ణి వదిలేసి పరిగెత్తుతాడు. ఆ పరుగు బాగా రాశావు, బూటు ఊడిపోయినా ఆగకపోవడం బాగుంది. దాని వెంటనే ‘అపరాధభావం అతన్ని దహించివేసింది’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్. దహించాల్సిన పని పాఠకుడికి వదిలెయ్. నీ సిపాయికి ఆ క్షణంలో కావలసింది అపరాధభావం కాదు, ఒక కారణం. స్నేహితుడు నిన్న తనతో ఎలా పోట్లాడాడో గుర్తొస్తుందా? వాడు ఎలాగూ బతకడని తేల్చుకుంటాడా? కబురు అందించడానికి ఒకరైనా మిగలాలి కదా అని తన పరుగుకు కర్తవ్యం అని పేరు పెట్టుకుంటాడా? వీటిలో ఏది ఎన్నుకుంటే అతను ఆ మనిషి అవుతాడు. కాస్త నీచంగా ఉన్నదాన్ని ఎన్నుకో, కానీ నువ్వు అతన్ని అసహ్యించుకుంటున్నట్టు ఒక్క విశేషణంలో కూడా కనపడకూడదు. క్రేన్ హెన్రీని వెటకారం చేస్తాడు గానీ ఎక్కడా వదిలెయ్యడు. తర్వాత రెండు అధ్యాయాల దూరంలో, ఆ కారణాన్ని తడబెట్టే చిన్న వస్తువొకటో మనిషొకడో ఎదురుపడాలి. ఎదురుపడ్డప్పుడు వ్యాఖ్యానం చెయ్యకు.

నాలుగో అధ్యాయంలో ఆర్మీ డాక్టరు వచ్చి అతని మానసిక స్థితిని విశ్లేషించే రెండు పేజీలు పూర్తిగా తీసెయ్యొచ్చు. డాక్టరు ఉండనీ. అతను నిద్రలేక తూలుతూ, వేరే మనిషి కాలు కోస్తూ, వీడికేసి చూడకుండా ‘నీకెక్కడ తగిలింది’ అని అడిగితే చాలు.

వ్యాసం మాత్రం పత్రికకు ఇప్పుడే పంపకు. మొదటి పేజీ తీసేసి, ఉత్తరాల కట్ట దగ్గర మొదలుపెట్టి తిరగరాయి. ‘ది వెటరన్’ చదివి, పరిణతి గురించిన పేరాలు ఉంచాలో తియ్యాలో నువ్వే తేల్చుకో. నాతో ఏకీభవించకపోతే నీ ఆధారాలతో రాయి, చదువుతాను. వచ్చే నెల నాకు కాస్త తీరిక ఉంటుంది, నవల మిగతా అధ్యాయాలు అప్పుడు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి